మెదడును కడుగు కాలువలు

డెల్టా భూములలో సేద్యము చేయువారికి ఒక సత్యము చక్కగా తెలియును. పొలమునకు పంట కాలువ ఎంత అవసరమో మురుగు కాలువయు అంతే అవసరము. నీరు పెట్టుటకు దారి యుండి నీరు తీయుటకు దారి లేనిచో పైరు కుళ్లును, నేల చౌడుబారును. పట్టణములకును ఇదియే న్యాయము. మంచినీటి కుళాయిలు ఎన్ని వేసినను మురుగు పోవు మార్గము లేనిచో ఆ ఊరు రోగములకు నిలయమగును. మానవ శరీరము కూడ ఈ న్యాయమునకు లోబడినదే.

శరీరములోని అవయవములలో మెదడు మిక్కిలి ఖర్చుదారి. దాని తూకము పెద్దవారిలో సుమారు 1,400 గ్రాములు. అనగా మొత్తము బరువులో నూటికి రెండు వంతులు మాత్రమే. అయినను మనము పీల్చుకొను ప్రాణవాయువులో రమారమి ఐదవ వంతును అదియే వాడుకొనును. ఇంతగా ఆహారమును వినియోగించు చోట వ్యర్థపదార్థమును అందుకు తగినట్లే పుట్టవలెను గదా! ఆ వ్యర్థము ఏ దారిని వెలుపలికి పోవుచున్నది? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రము చాలకాలము తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోయినది. 2012వ సంవత్సరము మొదలుకొని జరిగిన పరిశోధనల వలన ఆ సమాధానము ఒక రూపమునకు వచ్చుచున్నది. ఇది కేవలము పండితుల గోష్ఠికి సంబంధించిన విషయము కాదు. ఇంటిలోని పెద్దల మతిమరుపునకును, పిల్లల నిద్రకును, దారిలో తలకు తగులు దెబ్బలకును దీనితో సంబంధము కలదు. కావున తల్లిదండ్రులు దీనిని కొంత తెలిసికొనుట మేలు.

శోషరసమనగా నేమి?

గుండె నుండి బయలుదేరిన రక్తము ధమనుల గుండ ప్రవహించి, తుదకు వెంట్రుకల కంటె సన్ననైన కేశనాళికలలో ప్రవేశించును. అచ్చట రక్తములోని నీరు కొంత, లవణములతోను ఆహారాంశములతోను కూడి, నాళముల గోడల నుండి ఊరి, కణముల నడుమనున్న సందులలో చేరును. కణములు ఆ ద్రవము నుండి తమకు కావలసినది తీసికొని, అక్కరలేని దానిని అందులోనే విడిచిపెట్టును. ఇట్లు ఊరిన నీటిలో మిగిలినదానిని, ముఖ్యముగా రక్తనాళములలోనికి తిరిగి దూరలేని పెద్ద మాంసకృత్తులను, వేరొక నాళసమూహము పోగుచేయును. ఆ ద్రవమే శోషరసము. దానినే లింఫు అందురు. శోషరస నాళములు పిల్లకాలువల వలె బయలుదేరి, ఒకదానితో నొకటి కలిసి పెద్దవై, తుదకు మెడ మొదట నున్న పెద్ద సిరలలో తమ ద్రవమును విడుచును.

దారిలో అక్కడక్కడ శోషరస గ్రంథులు కలవు. గొంతు నొప్పి వచ్చినపుడు దవడ క్రిందను, కాలిపై పుండు లేచినపుడు గజ్జలలోను బిళ్లలు కట్టుట అందరు నెరిగినదే. ఆ బిళ్లలు వాచిన శోషరస గ్రంథులే. అవి కావలి ఠాణాల వంటివి. వచ్చిన ద్రవమును సోదాచేసి, అందులో రోగక్రిములున్నచో శరీర రక్షక కణములను మేలుకొలుపును. కావున ఈ కాలువలు చేయు పనులు రెండు: మురుగును తీయుట యొకటి, శత్రువుల జాడను తెలుపుట రెండవది. ఈ రెండవ పనిని గూర్చి ముందు మరల చెప్పవలసి యుండును.

ఈ కాలువలు పాడైనచో ఏమగునో సముద్రతీర మండలముల వారికి వేరుగ చెప్పనక్కరలేదు. బోదకాలు అట్టి వ్యాధియే. దోమకాటు వలన శరీరములో చేరిన దారము వంటి పురుగులు శోషరస నాళములలో కాపురముండి వానిని చెడగొట్టును. పోవలసిన ద్రవము పోక కాలిలోనే నిలిచి, వాపు పెరిగి, చర్మము దళసరియగును. కాలిలో మురుగు నిలిచిన ఫలితము కంటికి కనబడును. మెదడులో నిలిచిన ఫలితమో, కపాలము మాటున దాగియుండి, మాటలోను నడకలోను జ్ఞాపకములోను మాత్రమే బయటపడును.

పాత గ్రంథములు చెప్పినది

మెదడునకు మూడు పొరల రక్షణ కలదు. కపాలము లోపలి వైపున అంటియున్న దళసరి పొర వరాశిక. దాని లోపల సాలెగూటి వంటిది లౌతికళ. మెదడును హత్తుకొనియున్న పలుచని పొర మృద్వి. ఈ చివరి రెండింటి నడుమ, స్వచ్ఛమైన నీటివలె నుండు మస్తిష్క మేరు ద్రవము నిండియుండును. మెదడులోని కుహరములలో గల రక్తనాళపు గుత్తులు ఈ ద్రవమును ఎడతెగక ఊరించుచుండును. ఏ సమయమున చూచినను పెద్దవారిలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు ఉండును. కాని రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు తయారగును. అనగా దినమునకు మూడు మార్లకు పైగా పాత నీరు పోయి కొత్త నీరు వచ్చుచున్నదన్నమాట. ఇది మెదడునకు దెబ్బ తగులకుండ కాపాడు మెత్తని పరుపు అని పూర్వులు తలచిరి. అది నిజమే, కాని అంతమాత్రమే కాదు.

ఇటలీ దేశస్థుడైన దొమెనికో కొటున్యో 1764లో ఈ ద్రవమును వర్ణించెను. ఆ దేశమువాడే యగు పావొలో మస్కాన్యి 1787లో మానవ శరీరమందలి శోషరస నాళములను చిత్రించి ఒక మహాగ్రంథమును ప్రకటించుచు, మెదడు పొరలలో సైతము అట్టి నాళములు గలవని వ్రాసెను. తరువాతివారు ఆ మాటను అంతగా లెక్కచేయలేదు. 1869లో జర్మనీ దేశపు గుస్తావ్ ష్వాల్బె కుక్కల మెదడు చుట్టునున్న ద్రవములో నీలిరంగు నెక్కించి, అది మెడలోని శోషరస నాళములకు చేరుట చూచెను. 1875లో స్వీడను దేశపు ఆక్సెల్ కీ, గుస్తావ్ రెట్సియస్ అనువారు, ఈ ద్రవము వరాశికలోని పెద్ద సిరలలోనికి పొడుచుకొని వచ్చిన చిన్న బొడిపెల ద్వారా నేరుగా రక్తములో కలియునని చూపిరి. పాఠ్యగ్రంథములకు ఈ రెండవ మార్గమే ఎక్కినది, మొదటిది మరుగుపడినది. ఇరువదవ శతాబ్ది పొడవునను వైద్య విద్యార్థులు నేర్చినదేమనగా, మెదడునకు శోషరస నాళములు లేవనియే.

ఆ మాట పూర్తిగా అబద్ధము కాదు. మెదడు కండలో శోషరస నాళములు నేటికిని కనబడలేదు. అట్లయినచో చిక్కు మరింత ముదురును. కాలువయే లేని పొలములో నీరెట్లు తీయును? కణముల సందులలో పుట్టిన మురుగు ఇంగువ వాసన ఇల్లంతయు ప్రాకినట్లు తనంతట తానే మెల్లగా వ్యాపించి వెలుపలికి చేరునని కొంతకాలము అనుకొనిరి. చిన్న అణువుల విషయమున అది సాధ్యమే. పెద్ద మాంసకృత్తులు అట్లు ప్రయాణము చేయవలెనన్న చాల ఆలస్యమగును.

రక్తనాళముల ప్రక్కదారి

2012లో అమెరికాలోని రాచెస్టరు విశ్వవిద్యాలయమున మైకెన్ నెడర్‌గార్డ్, జెఫ్రీ ఇలిఫ్ ప్రభృతులు ఈ చిక్కును విప్పు మార్గమొకటి చూపిరి. వారు జీవించియున్న చుంచెలుకల మస్తిష్క మేరు ద్రవములో వెలుగునిచ్చు రంగును కలిపి, మెదడు లోతులను చూడగల సూక్ష్మదర్శినితో దాని ప్రయాణమును కనిపెట్టిరి. మెదడులోనికి దిగు ప్రతి ధమని చుట్టును గొట్టములో గొట్టము వలె సన్నని ఖాళీ కలదు. ఈ ఖాళీని విర్చో, రోబెన్ అను పండితులు పందొమ్మిదవ శతాబ్ది నడుమనే వర్ణించియుండిరి. వెలుపలి ద్రవము ఆ ఖాళీ వెంట మెదడు లోపలికి దిగి, కణముల సందులలో పారి, అక్కడి మురుగును తోడుకొని, సిరల ప్రక్కనున్న దారుల వెంట వెలుపలికి వచ్చుచున్నదని ఆ పరిశోధకులు తెలిపిరి.

ఈ పనిలో ముఖ్యపాత్ర నక్షత్ర కణములది. ఇవి నాడీకణములకు ఊడిగము చేయు కణములు. వీని కొమ్మల చివర పాదముల వంటి భాగములుండి, అవి రక్తనాళములను చుట్టుకొని యుండును. ఆ పాదములలో అక్వాపోరిన్-4 అను మాంసకృత్తు దట్టముగా కలదు. అక్వాపోరిన్లు కణపు గోడలలో నీటిని మాత్రము పోనిచ్చు తూముల వంటివి. వీనిని కనుగొన్నందుకే పీటర్ ఏగ్రి 2003లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతిని పంచుకొనెను. పుట్టుకతోనే అక్వాపోరిన్-4 లేని చుంచెలుకలలో వ్యర్థము తొలగుట నూటికి సుమారు 70 వంతులు తగ్గినదని రాచెస్టరు బృందము ప్రకటించినది. నక్షత్ర కణములు గ్లియా అను జాతికి చెందినవి గనుక, గ్లియా, లింఫు అను రెండు మాటలను కలిపి ఈ వ్యవస్థకు గ్లింఫాటిక్ వ్యవస్థ అని పేరు పెట్టిరి.

ద్రవమును లోపలికి నెట్టు బలమేది? ప్రత్యేకమైన గుండెకాయ యొకటి దీనికి లేదు. ధమని గుండెపోటుతో ఉబ్బి తగ్గినపుడెల్ల దాని చుట్టునున్న ద్రవము ముందుకు జరుగును. ఊపిరి తీయుటయు విడుచుటయు కూడ ఇందుకు తోడ్పడును. రక్తపుపోటు హెచ్చిన చుంచెలుకలలో ఈ ప్రవాహము మందగించినదని 2018లో తెలిసినది. గోడలు బిరుసెక్కిన ధమని మునుపటివలె ద్రవమును నెట్టలేకపోవుట ఇందుకు కారణమని తలచుచున్నారు.

పొరలలో దాగిన నాళములు

మెదడు నుండి వెలుపలికి వచ్చిన మురుగు ఆ తరువాత ఎక్కడికి పోవును? దీనికి సమాధానము 2015లో ఒకే యేట రెండు దేశముల నుండి వచ్చినది. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయమున జొనాథన్ కిప్నిస్ పరిశోధనశాలలో పనిచేయుచుండిన ఆంట్వాన్ లూవో అను యువకుడు చుంచెలుక మెదడు పొరలను కపాలము నుండి ఒలిచి తీయక, కపాలమునకు అంటియుండగనే గట్టిపరచి, ఆ పిదప విడదీసి సూక్ష్మదర్శిని క్రింద పరచెను. అప్పుడు వరాశికలోని పెద్ద సిరల వెంబడి వరుస తీరిన రక్షక కణములును, వానిని మోయు నాళములును కనబడినవి. పరీక్షింపగా అవి శోషరస నాళములే. ఫిన్లండు దేశములోని హెల్సింకీ విశ్వవిద్యాలయమున కారి అలిటాలో బృందమువారును ఆ సంవత్సరముననే ఇదే విషయమును వేరుగ కనుగొనిరి. 1787లో మస్కాన్యి వ్రాసిన మాట ఇట్లు రెండువందల సంవత్సరములు దాటిన పిదప నిలబడినది. అంతవరకు ఇవి కనబడకపోవుటకు కారణము, పొరలను ఒలిచెడి పద్ధతిలోనే ఈ నాజూకైన నాళములు చెదరిపోవుచుండుట.

చుంచెలుకలలో నున్నవి మనుష్యులలో నుండవలెనని నియమము లేదు. 2017లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రజ్ఞులు ఎం.ఆర్.ఐ. యంత్రముతో జీవించియున్న మనుష్యుల వరాశికలో ఈ నాళములను చూచి చిత్రములు తీసిరి. ఆ పిదప దక్షిణ కొరియాలో గో గూ-యంగ్ బృందమువారు కపాలపు అడుగుభాగమున నున్న నాళములే ఎక్కువ మురుగును తీయుచున్నవని 2019లోను, ముక్కు వెనుక గొంతు పైభాగమున అల్లికవలె నున్న శోషరస నాళముల గుండ ఆ ద్రవము మెడలోని లోతైన గ్రంథులకు చేరుచున్నదని 2024లోను చుంచెలుకల పరీక్షల వలన చూపిరి. వయస్సు పైబడిన చుంచెలుకలలో ఈ నాళములు శిథిలమగుచున్నవని కూడ వారు గమనించిరి. పాతబడిన కాలువ పూడిపోవుట వంటిదే ఇది.

నిద్రకు గల సంబంధము

అంగడివీధిని పగలు ఊడ్చుట కష్టము. జనము పోయి, కొట్లు మూసిన పిదపనే చీపురు పట్టుట వీలగును. మెదడు విషయమునను ఇట్టిదే జరుగుచున్నదేమో యని 2013లో రాచెస్టరు బృందము పరీక్షించినది. చుంచెలుకలు మేలుకొనియున్నపుడు మెదడులో కణముల నడుమ ఖాళీ మొత్తము పరిమాణములో నూటికి 14 వంతులు మాత్రమే యుండగా, నిద్రించినపుడు అది 23 వంతులకు పెరిగినది. అనగా సందులు సుమారు 60 శాతము వెడల్పయినవి. బీటా అమిలాయిడ్ అను వ్యర్థ మాంసకృత్తు నిద్రలో రెండింతల వేగముతో తొలగినదని వారు తెలిపిరి.

మనుష్యుల విషయమున 2019లో బోస్టను విశ్వవిద్యాలయము వారు మరియొక ముచ్చటను చూపిరి. గాఢనిద్రలో నాడీకణములన్నియు ఒక్కుమ్మడి సద్దుమణిగి, మరల మేల్కొని, అలలు అలలుగా పనిచేయును. అవి సద్దుమణిగినపుడు మెదడులోని రక్తము కొంత తగ్గును. ఆ ఖాళీని పూరించుటకు మస్తిష్క మేరు ద్రవము పెద్ద అలవలె లోపలికి వచ్చును. ఈ అల సుమారు ఇరువది సెకండ్ల కొకసారి వచ్చును. 2021లో నార్వే దేశపు ఓస్లో నగర శాస్త్రజ్ఞులు, ఒక రాత్రి పూర్తిగా మేలుకొనినవారి మెదడు నుండి పరీక్షార్థము ఎక్కించిన పదార్థము తొలగుట ఆలస్యమైనదనియు, మరునాటి నిద్ర ఆ లోటును పూర్తిగా పూడ్చలేదనియు ప్రకటించిరి.

ఇక్కడ ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పవలెను. ఈ విషయము శాస్త్రజ్ఞులలో ఇంకను తెగని వివాదముగనే యున్నది. 2024లో లండనులోని ఇంపీరియల్ కళాశాల వారు వేరొక పద్ధతితో చుంచెలుకలను పరీక్షించి, నిద్రలోను మత్తుమందు ఇచ్చినపుడును మెదడు నుండి రంగు తొలగుట హెచ్చుటకు మారుగా తగ్గినదని చెప్పిరి. కొలుచు పద్ధతులను గూర్చి ఇరుపక్షముల వారును వాదించుకొనుచున్నారు. నిద్ర మెదడునకు మేలుచేయునన్న సంగతిలో మాత్రము వివాదము లేదు. ఆ మేలు ఎంతవరకు మురుగు పారుదల వలన కలుగుచున్నది, ఎంతవరకు ఇతర కారణముల వలన కలుగుచున్నది అనునదే తేలవలసిన అంశము.

ఏ రోగములతో సంబంధము?

1906లో జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జ్‌హైమర్, మతి చెడి మరణించిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందులో మచ్చల వంటి పేరుడును, చిక్కుపడిన పోగులను చూచెను. మచ్చలలోనిది బీటా అమిలాయిడ్. పోగులలోనిది టౌ అను మాంసకృత్తు. ఈ రెండును ఆరోగ్యవంతుల మెదడులోను పుట్టుచుండును. పుట్టుట దోషము కాదు, పోకుండుటయే దోషము. ముసలి చుంచెలుకలలో అమిలాయిడ్ తొలగుట పడుచు వానికంటె నూటికి సుమారు 40 వంతులు తక్కువయని 2014లో తేలినది. వరాశికలోని శోషరస నాళములను నాశనము చేసినచో అమిలాయిడ్ పేరుడు హెచ్చుననియు, ఆ నాళములను పెంచు పదార్థమును ఇచ్చినచో ముసలి చుంచెలుకల జ్ఞాపకశక్తి మెరుగుపడుననియు 2018లో కిప్నిస్ బృందము ప్రకటించినది. ఆ సంవత్సరముననే అమెరికాలో ఆరోగ్యవంతులైన 20 మందిని ఒక రాత్రి మేలుకొలిపి ఉంచగా, జ్ఞాపకమునకు సంబంధించిన మెదడు భాగములో అమిలాయిడ్ సుమారు 5 శాతము హెచ్చినట్లు చిత్రములలో కనబడినది.

వణుకుడు, బిరుసు నడక గల పార్కిన్సన్ వ్యాధిలో పేరుకొనునది ఆల్ఫా సైన్యూక్లిన్ అను వేరొక మాంసకృత్తు. ఈ రోగులలో మెదడు పొరల శోషరస ప్రవాహము మందముగ నున్నదని 2021లో చైనా శాస్త్రజ్ఞులు ఎం.ఆర్.ఐ. చిత్రముల వలన తెలిపిరి. మందగించుట వలన రోగము వచ్చినదో, రోగము వలన మందగించినదో ఇంకను నిర్ణయము కాలేదు.

తలకు తగులు దెబ్బ సంగతి తల్లిదండ్రులు ప్రత్యేకముగ గమనింపవలెను. చుంచెలుకలలో బలమైన దెబ్బ తరువాత ఈ ప్రక్షాళనము సుమారు 60 శాతము తగ్గి, ఒక నెల గడచినను తేరుకొనలేదని 2014లో తెలిసినది. తేలికపాటి దెబ్బ సైతము వరాశికలోని నాళముల పనిని కొన్ని గంటలలోనే తగ్గించి, వారముల తరబడి అట్లే యుంచునని 2020లో మరియొక పరిశోధన చూపినది. దెబ్బ తగిలిన మెదడులో వ్యర్థము హెచ్చుగా పుట్టును; దానిని తీయవలసిన కాలువయు అప్పుడే చెడును. మొదటి దెబ్బ మానకముందే రెండవ దెబ్బ తగులుట మిక్కిలి ప్రమాదమని వైద్యులు చెప్పుటకు ఇదియు ఒక కారణము కావచ్చును.

వృద్ధులలో మరియొక రుగ్మత కలదు. మెదడు కుహరములలో ద్రవము చేరి అవి పెద్దవగును. నడక తడబడును, మూత్రము ఆగదు, మతిమరుపు వచ్చును. ఇట్టివారిలో ద్రవము మెదడు నుండి తొలగుట ఆలస్యమగుచున్నదని ఓస్లో శాస్త్రజ్ఞులు చూపిరి. చేరిన నీటిని సన్నని గొట్టము ద్వారా కడుపులోనికి మళ్లించు శస్త్రచికిత్స వలన ఇట్టివారిలో పలువురికి, ముఖ్యముగా నడకలో, మేలు కలుగును. "ముసలితనములో ఇది మామూలే" యని విడిచిపెట్టిన మతిమరుపులలో కుదుర్చదగినవి కొన్ని గలవని దీనివలన గ్రహింపవలెను. బి-12 విటమిను లోపము, థైరాయిడ్ లోపము వలన వచ్చు మతిమరుపులును అట్టివే.

అయితే ఈ కాలువలు అన్ని వేళలను మేలే చేయుననుకొనరాదు. పక్షవాతములో రక్తము అందని మెదడు భాగమునకు ఈ ధమనుల ప్రక్కదారి గుండనే ద్రవము ఉరవడిగ చొచ్చుకొనివచ్చి, తొలి నిమిషముల వాపునకు కారణమగుచున్నదని 2020లో తెలిసినది. శరీర రక్షక కణములు తమ మెదడు మీదనే దాడిచేయు మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి వ్యాధిని చుంచెలుకలలో కలిగించి, వరాశిక నాళములను తొలగింపగా రోగము తగ్గినది. మొదట చెప్పిన రెండవ పని, అనగా జాడ తెలుపుట, ఇక్కడ కీడుచేసినది. కావున కాలువను వెడల్పు చేసినంత మాత్రమున అన్ని రోగములును కుదురునను వాదము నిలువదు.

తొందరపాటు చికిత్సలు

కొత్త విషయము బయటపడగనే దానిని అమ్మజూపువారు బయలుదేరుట లోకసహజము. చైనాలో కొన్ని ఆసుపత్రులలో మెడలోని శోషరస నాళములను సిరలకు కుట్టు శస్త్రచికిత్సను ఆల్జ్‌హైమర్ రోగులకు చేయసాగిరి. ఫలితములను సరిగా పరీక్షించిన ఆధారములు లేవని, 2025 జూలైలో ఆ దేశపు ఆరోగ్యశాఖయే ఆ రోగమునకు ఈ చికిత్సను నిషేధించినది. ముఖము, మెడ చర్మమును మెల్లగా ఒత్తుట వలన మెదడు ద్రవపు పారుదల హెచ్చినదని 2025లో కొరియా శాస్త్రజ్ఞులు చూపినది ప్రధానముగ చుంచెలుకలలో. దానిని పట్టుకొని మెడ మర్దనముతో మతిమరుపు పోవునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. నిద్రమాత్రలును ఇట్టివే. జోల్పిడెమ్ అను మాత్ర చుంచెలుకలను నిద్రబుచ్చినను, ఆ నిద్రలో ద్రవమును నెట్టు రక్తనాళముల కదలికను తగ్గించినదని 2025లో ప్రకటించిరి. మాత్రతో వచ్చిన నిద్రయు, తనంతట వచ్చిన నిద్రయు ఒకటి కాకపోవచ్చును. వైద్యుడు వ్రాసియిచ్చిన మందును మాత్రము ఈ వార్త విని స్వయముగా మానివేయరాదు.

ఇంటిలో చేయదగినది

శాస్త్రము తేలువరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. సందేహము లేని విషయములు కొన్ని కలవు.

మొదటిది పిల్లల నిద్ర. 2016లో అమెరికా నిద్రావైద్య సంఘము వారు 6 మొదలు 12 సంవత్సరముల వయస్సు గలవారికి రోజుకు 9 మొదలు 12 గంటలును, 13 మొదలు 18 సంవత్సరముల వారికి 8 మొదలు 10 గంటలును నిద్ర కావలెనని నిర్ణయించిరి. మన ఇండ్లలో పరీక్షలు దగ్గరపడగనే పిల్లవానిని రాత్రి పదకొండు దాటువరకు చదివించి, తెల్లవారుజామున నాలుగు గంటలకే లేపుట ఒక వ్రతముగ సాగుచున్నది. తెల్లవారుజామున లేచి చదువు అలవాటు మంచిదే; కాని పూర్వము అట్లు లేచినవారు దీపములు పెట్టిన కొంతసేపటికే పడుకొనెడివారు. ఆచారములోని మొదటి సగమును విడిచి రెండవ సగమును పట్టుకొనినచో మిగులునది అయిదు గంటల నిద్ర మాత్రమే. పగలు నేర్చిన పాఠము మెదడులో పదిలపడునది నిద్రలోనే. నిద్ర తగ్గించి చదువు పెంచవలెననుట, మదుపు తినివేసి వడ్డీ కోరుట వంటిది.

రెండవది గురక. పిల్లలు కాని పెద్దలు కాని గట్టిగా గురక పెట్టుచు, నడుమ నడుమ ఊపిరి ఆగినట్లయి ఉలికిపడుచున్నచో అది గాఢనిద్ర కాదు. నవ్వి ఊరకుండక వైద్యునికి చూపవలెను.

మూడవది తల రక్షణ. 2019 మోటారు వాహనముల సవరణ చట్టము ప్రకారము మోటారు సైకిలుపై పోవు నాలుగేండ్లు దాటిన ప్రతివారును శిరస్త్రాణము ధరింపవలెను. తండ్రి తాను హెల్మెట్టు పెట్టుకొని, వెనుక కూర్చుండిన బిడ్డను బోడితలతో బడికి తీసికొనిపోవుట మనము నిత్యము చూచుచున్న దృశ్యము. ఆటలో తలకు దెబ్బ తగిలి, తలనొప్పియో వాంతియో మగతయో కలిగినచో, వెంటనే వైద్యునికి చూపవలెను. పూర్తిగా కుదుటపడువరకు బిడ్డను తిరిగి ఆటకు పంపరాదు.

నాలుగవది పెద్దల ఆరోగ్యము. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము 2024లో, లోకములోని డిమెన్షియాలో సుమారు 45 శాతము మార్చదగిన 14 కారణములతో ముడిపడియున్నదని అంచనా కట్టినది. రక్తపుపోటు, చక్కెర వ్యాధి, పొగత్రాగుట, తలకు దెబ్బలు, వినికిడి లోపము, చూపు లోపము, ఒంటరితనము, బాల్యములో చదువు లేకపోవుట అందులోనివి. నిద్రలేమి ఆ పట్టికలో చేరలేదు. దానిని గూర్చిన సాక్ష్యము చాలదని వారి అభిప్రాయము. ఏబది, అరువది యేండ్ల వయస్సులలో ఆరు గంటలు గాని అంతకు తక్కువగాని నిద్రించువారిలో ముందు ముందు డిమెన్షియా హెచ్చుగ వచ్చుచున్నదని సుమారు 8,000 మందిని ఇరువదియైదేండ్లు కనిపెట్టిన ఇంగ్లండు పరిశోధన 2021లో చూపినది నిజమే. కాని రోగమే ముందుగ నిద్రను చెడగొట్టియుండవచ్చునను అనుమానము ఇంకను పూర్తిగా తీరలేదు.

పేరుకొనిన మురుగును తీయు మందులు కొన్ని ఇప్పుడు వచ్చినవి. 2023లో అమెరికాలో అనుమతి పొందిన లెకానెమాబ్ అమిలాయిడ్‌ను తగ్గించును. కాని రోగము ముదురుటను కొంత నెమ్మదింపజేయునే గాని పోయిన జ్ఞాపకమును తిరిగి తేలేదు. కుళ్లిన పైరు, నీరు తీసినంత మాత్రమున మరల పచ్చబడదు. నీరు నిలువకుండ ముందుగ చూచుకొనుటయే సేద్యము. మెదడు విషయమున ఆ సేద్యమునకు తగిన కాలము బాల్యమును నడివయస్సును. ఆ కాలమున బిడ్డల నిద్ర వేళలు, వారి తలపై హెల్మెట్టు, పెద్దల రక్తపుపోటు పరీక్ష తల్లిదండ్రుల చేతిలోనే యున్నవి. వీనికి ఏ కొత్త మందు కొరకును వేచియుండ బనిలేదు.